సూది పడ్డ చోట గాలి

పాలు తాగే నా పిల్ల పెదాలకి అచ్చు సిరా పూసింది మీరు. పక్కకి చూడకండి, మిమ్మల్నే అంటున్నాను. ల్యాబ్ మేనేజరుగారూ, మీరు. ఊళ్ళో మగవాళ్ళందరి భుజాలకీ కొలతలు తీసే నా మొగుడుగారూ, ఈ గదిలో లేకపోయినా మీరు. అత్తయ్యా, మీరూ అంతే, పెద్దవారు కదా అని వదిలిపెట్టను. ఎక్కడో ఫ్యాక్టరీలో కూర్చుని, మనిషంటే మగవాడి ఛాతీయేనని గీత గీసి గుడ్డ కత్తిరించిన ఆ మహానుభావుడెవరో నాకు తెలీదు, ఆయనకీ ఇందులో వాటా ఉంది. మేనేజరుగారూ, మొగుడుగారూ, మీరిద్దరూ వేరువేరు చోట్ల, వేరువేరు రోజుల్లో నాతో ఒకే మాట అన్నారు. "ఒక్క కోటు కోసం ఇంత రాద్ధాంతమా?" అవును, ఒక్క కోటు కోసమే. దాని సంగతి మొదటినుంచీ చెప్తాను. మధ్యలో అందుకోకుండా వినండి. మీ మాటలన్నీ నేనలాగే విన్నాను.

నాది ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసే పని. ఏమీ తినకముందే పరీక్ష చేయించుకోవాల్సిన వాళ్ళు పొద్దున్నే ఎదురుచూస్తూ ఉంటారు. వెలుగు రాకముందే సైకిలెక్కి, ఒక్కో ఇంటికీ వెళ్ళి, రక్తం తీసి, సీసాల మీద చీటీలు అంటించి, వీపుకి తగిలించుకున్న ఐసు డబ్బాలో సర్దుకుని ల్యాబ్‌కి చేర్చాలి. సందుల్లో కార్లు పట్టవని మాకు సైకిళ్ళిచ్చారు. నా దారిలో ఒక పొడుగాటి వంతెన ఉంది. దాని మీద గాలి ఎలా ఉంటుందో ఆ వేళకి దుప్పట్లో ఉన్నవాళ్ళకి తెలీదు. చలి వేరు, గాలి వేరు. చలైతే కాసేపు తొక్కితే ఒళ్ళు వేడెక్కి తగ్గుతుంది. గాలి అలా లొంగదు, ఎంత జోరుగా తొక్కితే అంత జోరుగా ఎదురొచ్చి రొమ్ముల మీద పడుతుంది. రొమ్ములనే అంటాను. మొహం తిప్పుకునేవాళ్ళు తిప్పుకోండి. నేను బాలింతని. ఏ వీధిలోనో ఏ పసిబిడ్డో ఏడిస్తే చాలు, ఎవరి బిడ్డని చూడకుండా నాకు పాలు చేపుకొస్తాయి. చొక్కా తడుస్తుంది. తడిసిన చొక్కా మీద గాలి తగిలితే చనుమొనలు తెల్లబడి, బిగుసుకుపోయి, లోపల్నుంచి ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు నొప్పి. ఆ నొప్పితోనే వంతెన దిగి, మెట్లెక్కి, తలుపు కొట్టి, "భయపడకండి, చీమ కుట్టినట్టుంటుందంతే" అని నవ్వుతూ ఎవరి చేతికో సూది గుచ్చాలి. నా చెయ్యి వణక్కూడదు. వణికితే వాళ్ళ నరం దొరకదు, నాకు ఉద్యోగం ఉండదు.

నిండు కోటు వేసుకోవచ్చుగా అని సలహా ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. రక్తం తీసేవాళ్ళకి మోచేతుల కింద బట్ట ఉండకూడదు, శుభ్రత కోసం పెట్టిన రూలది. ఇంటింటి దగ్గరా కోటు విప్పుతూ తొడుక్కుంటూ కూర్చుంటే రౌండు సాగదు. అందుకని చేతుల్లేని కోటు. ముందువైపు గాలి చొరనివ్వని గుడ్డ, వెనక చెమట ఆరే పల్చటి గుడ్డ. సైకిలు తొక్కేవాళ్ళ కోసమే చేస్తారు దాన్ని. అత్తయ్య మొదటిసారి చూసి, "చేతుల్లేవేంటే దీనికి? చేతులకి చలెయ్యదా?" అన్నారు. చేతులు పనికి కావాలి కదత్తయ్యా. వాటిని కప్పుకునే తీరిక మీకు మాత్రం ఎప్పుడుంది?

చలి మొదలవగానే ల్యాబ్‌లో ఆ కోట్లు పంచారు. సంచీ మీదున్న పేరు మేనేజరు "గిలెట్" అని చదివారు. మేమూ అదే అన్నాం. అనగా అనగా గిల్లెట్టయింది. "యూనిసెక్స్ మోడలమ్మా, ఇంటర్నేషనల్" అన్నారాయన. అంటే ఏంటి సార్ అని అడిగితే, "ఆడా మగా అందరికీ పనికొస్తుంది" అన్నారు. మగవాళ్ళకి పనికొచ్చింది. జర్రున జిప్పు లాక్కుని, ఒకళ్ళ వీపు ఒకళ్ళు చరుచుకుంటూ వెళ్ళిపోయారు. నా జిప్పు బొడ్డు దగ్గర బయల్దేరి రొమ్ముల కింద ఆగిపోయింది. ఊపిరి బిగబట్టి లాగితే చర్మాన్ని పట్టుకుంది. రైడర్లలో ఆడవాళ్ళం కొద్దిమందిమే. అందులో పెద్దది గంటక్క. ఖాళీ రోడ్డు మీద కూడా సైకిలు గంట కొట్టుకుంటూ పోతుందని ఆ పేరు. తన జిప్పుతో తను కుస్తీ పడుతూ, "పేరు బానే పెట్టారే పిల్లా, గిల్లుతోంది" అంది. నవ్వొచ్చింది. నవ్వితే జిప్పు ఇంకాస్త గిల్లింది.

ఇంకో సైజిమ్మని అడిగాను. "నీ కొలతెంత?" అన్నారు మేనేజరు, గదినిండా మగవాళ్ళున్నప్పుడు. నేను చెప్పలేదు. "చెప్పకపోతే నాకెలా తెలుస్తుందమ్మా, కంటి కొలత తియ్యమంటావా?" వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన అది జోకనుకున్నారు, ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు. బల్ల కిందనుంచి ఒక పెద్ద సైజు తీసి విసిరారు. అది రొమ్ముల దగ్గర సరిపోయింది, మిగతాదంతా గుడారం. వంతెన ఎక్కగానే గాలి కిందనుంచి దూరి, కోటు బూరలా ఉబ్బి, లోపలున్న పాల తడినంతా తడుముకుంటూ మెడ దగ్గర బయటికి పోయింది. కోటు లేనప్పుడు గాలి ముందునుంచి మాత్రమే కొట్టేది. కోటు వచ్చాక దానికి నా ఒంట్లో ఒక దారి దొరికింది.

మా ఆయన జెంట్స్ టైలరు. మా ఇంటి ముందు గదే షాపు. గోడ పొడుగునా కోట్లు, ప్యాంట్లు, గిరాకీ వాళ్ళ రెయిన్ కోట్లు వేలాడుతూ ఉంటాయి. ఫలానావాడి కుడి భుజం ఎడం దానికన్నా దిగి ఉంటుందని, ఇంకొకడికి పొట్ట పెరుగుతోందని ఆయనకి తెలుసు. నా కొలత తెలీదు. "ఆడవాళ్ళ బట్టలు నేను కుట్టను" అని షాపు పెట్టిన రోజే ఒట్టు పెట్టుకున్నట్టు చెప్తారు. పెళ్ళయ్యాక అడిగినా అదే మాట. అలాంటి మనిషి ఆ రోజు నేను కోటు విప్పి కుర్చీ మీద పడేస్తుంటే చూసి, "ఇలా తే, నేను సరిచేస్తా" అన్నారు. ప్రేమతో అనుకున్నాను. పిచ్చిదాన్ని.

నన్ను గది మధ్యలో నిలబెట్టి, కోటు పైనుంచే టేపు చుట్టారు. లోపలి గదిలో పిల్ల ఏడుస్తోంది, నాకు చేపుకొస్తోంది, కదలొద్దంటున్నారు. గుమ్మంలో అత్తయ్య నిలబడ్డారు.

"లూజుగానే ఉంచరా. వీధిలో వాళ్ళందరూ చూడాలా?"

"షేపు తియ్యకపోతే బస్తాలా ఉంటుందమ్మా. టైలరు పెళ్ళాం ఇలా తిరుగుతోందంటే నా పనికి చెడ్డపేరు."

"షేపులు షోకేసులో బొమ్మకి తియ్యి. గాలి తిరుగుళ్ళు తిరిగేదానికి గాలి ఆగే కోటు, దానికో షేపు!"

అత్తయ్యకి ఆ మాట మీద మోజు. నేను ఉద్యోగంలో చేరిన రోజునుంచీ నాది గాలి తిరుగుడే. నేను ఇల్లు గాలికొదిలేశాను, మొగుణ్ణి గాలికొదిలేశాను. అసలు గాలెలా ఉంటుందో ఆవిడ ఎప్పుడన్నా చూశారా అని నాకనిపిస్తుంది. ఆవిడ జీవితమంతా పొయ్యి దగ్గర గడిచింది. అయినా ఆ రోజు వాళ్ళిద్దరూ వాదించుకున్నది నా రొమ్ముల గురించి. కొడుకు కనబడాలన్నాడు, తల్లి కనబడకూడదంది. పొద్దున మేనేజరు కంటి కొలత అన్నాడు. అందరూ అవి ఎలా కనబడాలో చెప్పారు. వాటికి చలేస్తుందని ఒక్కరూ అనలేదు.

మా ఆయన షేపే తీశారు. పెద్ద సైజు కోటుని నడుం దగ్గర బిగించి, కిందనుంచి రొమ్ముల మీదకి రెండువైపులా డార్టులు పట్టి, మడతలు ఊడకుండా పక్కపక్కనే రెండేసి వరసలు మిషను కుట్టు వేశారు. అద్దంలో చూసుకుంటే నిజంగానే బావుంది. ఆయన కూడా ఒకడుగు వెనక్కేసి, తన పనిని చూసుకుని తలాడించారు. నన్ను కాదు, కుట్టుని.

మర్నాడు వంతెన మీద తెలిసింది. గాలి ఆగే గుడ్డకి సూది తగిలితే పడిన ప్రతి కన్నమూ గాలికి ఒక కిటికీ. అంతకుముందు గాలి ఒళ్ళంతా పరుచుకునేది. ఇప్పుడు ఆ కుట్ల వెంట గీతలు గీసినట్టు, సరిగ్గా రొమ్ముల మీదకి, చనుమొనల దాకా వచ్చి ఆగుతోంది. వంతెన సగానికొచ్చేసరికి తొక్కలేకపోయాను. సైకిలు రెయిలింగుకి ఆనించి, గాలికి వీపు పెట్టి, కింద గొంతుక్కూర్చున్నాను. వెనక్కి తిరిగితే ఇల్లు, ముందుకెళితే గాలి. ఐసు డబ్బాలో ఎవరెవరి రక్తమో చల్లగా, భద్రంగా ఉంది. దాన్ని చల్లగా ఉంచడానికి డబ్బాకి ఎన్ని పొరలు వేశారో చూసి ఏడుపొచ్చింది. డబ్బా నీళ్ళలోకి విసిరేసి, సైకిలు కూడా విసిరేసి, ఆ వెనకాల ఇంకేం విసరాలా అని చూస్తున్నాను. నిజమే చెప్తున్నాను, చూశాను. అప్పుడు వెనకనుంచి గంట వినబడింది.

గంటక్క దిగి, నా మొహం చూసింది. తన సంచీలోంచి పాత న్యూస్ పేపరు తీసింది. "మడతలు పెట్టి చొక్కా లోపల రొమ్ములకి అడ్డంగా పెట్టుకో. నేను నా పిల్లలిద్దరికీ ఇలాగే పాలిచ్చా. తడవగానే మార్చెయ్యాలి, లేకపోతే చలెక్కువ."

"ఇన్నేళ్ళనుంచీ పేపరు పెట్టుకుని తొక్కుతున్నావా అక్కా?"

"ఉద్యోగాల పేజీ మాత్రం వద్దే, అన్నీ బొక్కలే. సినిమా పేజీ వేసుకో, కాస్త వేడిగా ఉంటుంది."

పగలబడి నవ్వాను. ఆ పేపరు పనిచేసింది కూడా. గరగరమంటూ, ప్రతి తొక్కుడుకీ ఒరుసుకుంటూ, అయినా గాలి ఆగింది. రౌండు పూర్తిచేశాను. కానీ మధ్యలో మార్చుకోవడానికి చోటేది? ఎవరింట్లో అడుగుతాను, "అయ్యా, మీ రక్తం తీశాక ఒక్క నిమిషం మీ గదిలో సినిమా పేజీ మార్చుకుంటాను" అని? పాలకి తడిసి ముద్దయిన పేపరుతోనే ఇంటికొచ్చాను. రొమ్ములు రాళ్ళయ్యాయి. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూలబడి దాన్ని అందుకున్నాను. అది ఆత్రంగా తాగింది. తాగి, తల వెనక్కి వాల్చి నవ్వింది. దాని పెదాలు నల్లగా ఉన్నాయి. చిగుళ్ళు నల్లగా ఉన్నాయి. నా చర్మం మీద పేపర్లో అక్షరాలు తిరగబడి అచ్చయి ఉన్నాయి.

అత్తయ్య పిల్లని నా ఒళ్ళోంచి లాక్కున్నారు. "విషం పెడుతున్నావా దానికి? తల్లివేనా నువ్వు?" తడిగుడ్డతో పిల్ల నోరు తుడుస్తూ ఆవిడ ఏడ్చారు. ఆ ఏడుపు నిజం. మా ఆయన మెళ్ళో టేపుతో షాపులోంచి వచ్చారు.

"ఇదంతా ఎందుకు? ఉద్యోగమన్నా మానెయ్, పాలన్నా మాన్పించి డబ్బా పాలు పట్టు. రెండూ కావాలంటే ఎలా కుదురుతుంది?"

పిల్ల పుట్టినప్పుడు మీరేం మానేశారు? ఒక్క గిరాకీనన్నా వెనక్కి పంపారా? ఇది లోపలే అనుకున్నాను. పైకి మాత్రం, "మీ కుట్లలోంచి గాలొస్తోందండీ" అన్నాను.

"సూది పడితే కన్నం పడదా? ఆ మాత్రం తెలీదా నీకు?"

"మీకు తెలుసా?"

"తెలీకేం. రెయిన్ కోట్లు సరిచేసినప్పుడు కుట్టు మీద లోపల్నుంచి జిగురు టేపు అంటించేది నేనేగా. వేడి చేసి అంటిస్తే చుక్క నీళ్ళు దిగవు." గర్వంగానే చెప్పారు. గోడకి వేలాడుతున్న వాటిలో ఒకదాని అంచు తిప్పి చూపించారు కూడా.

"మరి నా దానికి ఎందుకు అంటించలేదు?"

ఆయన తడుముకోలేదు. అదే నన్ను చంపింది. "నీది రెయిన్ కోటు కాదుగా. షేపు కోసం ఇచ్చావు, షేపు తీశాను. ఒక్క కోటు కోసం ఇంత రాద్ధాంతమా?"

షేపు కోసం నేనివ్వలేదు. కానీ ఆయన బుర్రలో నేనిచ్చింది అందుకే. బట్ట మగవాడికైతే వానకి, చలికి, పనికి. ఆడదానికైతే చూసేవాళ్ళకి. ఈ సంగతి ఆయనకి ఎవరూ నేర్పలేదు, తనంతట తను కుట్రా పన్నలేదు. అది పక్కా కుట్టులా లోపల ఉండిపోయింది, అంతే. తెలియక చేసి ఉంటే క్షమించేదాన్ని. తెలిసీ, ఆ టేపు బీరువాలో పెట్టుకుని, నన్ను గాలికి వదిలారు. అత్తయ్యా, వింటున్నారా? గాలికొదిలెయ్యడమంటే ఇది.

ఆ వారంలోనే ఎడం రొమ్ములో గడ్డ కట్టింది. జ్వరం. ముట్టుకుంటే నిప్పు. డాక్టరమ్మ చూసి మందులు రాసి, "మళ్ళీ ఇలాగే అయితే చీము పడుతుంది, కొయ్యాల్సొస్తుంది. గాలికి తిరక్కు" అంది. ఆవిడ కూడా. జ్వరంతో సెలవడిగితే మేనేజరు ఫోనులో, "రాలేకపోతే ముందే చెప్పమ్మా, నీ రౌండు ఇంకొకళ్ళకిస్తాం, వాళ్ళకీ పని కావాలి కదా" అన్నారు, ఎంతో మర్యాదగా. ఇల్లు పాలు వదులుకోమంది, లేదా పని వదులుకోమంది. ల్యాబు అడక్కుండానే పని లాక్కునేలా ఉంది. మంచం మీద పడుకుని, నొప్పి వైపు పిల్లని పెట్టుకుని పళ్ళు బిగబట్టి తాగించాను. గడ్డ కరగాలంటే ఆ వైపే తాగించాలి. పిల్లకి నా మొహం కనబడకుండా దిండు అడ్డం పెట్టుకున్నాను. అప్పుడు అనుకున్నాను. రెండూ నావే. పాలూ నావే, పనీ నాదే. ఏదీ ఇవ్వను.

తిరిగి పనిలోకి రాగానే మేనేజరు గదికి వెళ్ళి, ఆడవాళ్ళందరి తరఫునా గిల్లెట్టు బల్ల మీద పెట్టాను. ఇది మాకు కుదరదు అని చెప్పాను, ఎందుకు కుదరదో రొమ్ము అనే మాటతోనే చెప్పాను. ఆయన గోడ గడియారం వైపు చూశారు, తలుపు వైపు చూశారు, "సరే సరే, ఆడవాళ్ళ మోడలేదో మీరే చూసి చెప్పండి, తెప్పిస్తాను" అన్నారు. ఆ గండం గట్టెక్కితే చాలన్నట్టు.

గంటక్కా నేనూ సైకిళ్ళ షాపుకెళ్ళాం. కౌంటరు దగ్గరి అమ్మాయి మా చెప్పులు చూసి, మా మొహాలు చూసి, "మీరు రేసుల్లో తొక్కుతారా మేడమ్?" అంది. "రోజూ తొక్కుతాం. ఇంకా గెలవలేదు" అంది గంటక్క. ఆ అమ్మాయి పాపం నవ్వి, ఆడవాళ్ళ కోట్లన్నీ దించింది. అబ్బ, ఏం కోట్లు! ఒకదానికి జేబులున్నాయి, చెయ్యి పెడితే దూరలేదు, కుట్టు వేసి మూసేసిన ఉత్తుత్తి జేబులు. ఒకటి ఎంత పొట్టిదంటే వంగి తొక్కితే నడుం బయటపడుతుంది. ఒకదానికి పక్కలనుంచి మెరుపులు. గంటక్క ఒక్కో కోటు ముందుభాగం పెదాలకి ఆనించి ఊదేది, నేను అవతల అరచెయ్యి పెట్టేదాన్ని. "వస్తోందా?" "వస్తోంది." "తియ్యి." షాపులో జనం ఆగి చూశారు. చూడనీ.

చివరికి ఒకటి దొరికింది. ముందువైపు ఒక్కో పక్కా ఒక్కటే ముక్క, డార్టు లేదు, రొమ్ములకి కావలసిన చోటు పక్క కుట్లలోనే వంపు తిప్పి తీశారు. కుట్టున్న చోటల్లా లోపల టేపు. జిప్పు వెనక గాలి దూరకుండా ఒక పట్టీ. జిప్పు పైనుంచీ తెరుచుకుంటుంది, కిందనుంచీ తెరుచుకుంటుంది. వీపు కింద అంచు పొడుగు. చెయ్యి మొత్తం దూరే జేబులు. ఎవరో ఒక ఆడమనిషి సైకిలు తొక్కి, చలికి ఏడ్చి, ఇంటికొచ్చి కూర్చుని గీసిన బొమ్మలా ఉంది. తొడుక్కుని, ఆ అమ్మాయిని అడిగి, షాపు ముందు వీధిలో ఒక్కసారి తొక్కాను. గాలి వచ్చింది. నా ముందుదాకా వచ్చి ఆగిపోయింది. చెవులకి వినబడుతోంది, బుగ్గలకి తగులుతోంది, రొమ్ముల దగ్గర మాత్రం ఏమీ లేదు. వెచ్చగా, నిశ్శబ్దంగా. నా జీవితంలో ఎవరైనా నా ముందు అడ్డంగా నిలబడి "దీని జోలికి రావొద్దు" అనడం అదే మొదటిసారి. వీధి చివర ఆగి, హ్యాండిలు మీద తల పెట్టుకుని ఏడ్చాను. కౌంటరమ్మాయి భయపడి పరిగెత్తుకొచ్చింది. "బిగుతుగా ఉందా మేడమ్?" లేదమ్మా. సరిపోయింది.

మేనేజరుకి ఫోటో పంపాం. "గుడ్ ఛాయిస్" అన్నారు. "పింక్ లేదా?" అనడిగి, లేదంటే పోనీలే అన్నారు. కోట్లు వచ్చాయని ఇవాళ పొద్దున కబురు పెట్టారు. రౌండు ముగించి, ఐసు డబ్బా అప్పజెప్పి, ఆడవాళ్ళం అందరం ఆయన గదికొచ్చాం. బల్ల మీద ఒక కోటుంది. అదే కోటు. ఎడం రొమ్ము రావలసిన చోట అరచేయంత ఎర్రటి రక్తపు బొట్టు, దానికి కళ్ళూ, నవ్వే మూతీ, కింద పూలతీగలా ల్యాబ్ పేరు. ఎంబ్రాయిడరీ. దట్టంగా, దారం మీద దారం, సూది మీద సూది.

"సర్‌ప్రైజ్!" అన్నారు మేనేజరు. "మగవాళ్ళకైతే వీపు మీద ఉత్త ప్రింటే వేయించాం. మీకు స్పెషల్‌గా చేయించాను. ఎంత ముద్దుగా ఉందో చూడు. ఇది శాంపిలు, మిగతావన్నీ కుట్టుషాపులో ఉన్నాయి, ఇవాళే మిషనెక్కిస్తారు. నువ్వు ఇది తొడుక్కుని నవ్వుతూ నిలబడమ్మా, ఫోటో తీసి పైకి పంపాలి."

కోటు చేతిలోకి తీసుకున్నాను. "సార్, దీని వెనక మీ అరచెయ్యి పెట్టండి." పెట్టారు, ఫోటోకి అనుకుని. ఆ నవ్వే బొట్టుకి నా పెదాలు ఆనించి, ఊపిరంతా బిగించి ఊదాను.

"తగిలిందా సార్?"

"ఏదో కొంచెం."

"ఆ కొంచెమే వంతెన మీద నా రొమ్ములో గడ్డయింది. సూది పడ్డ చోట గాలొస్తుంది సార్. మొన్న అదే చెప్పాను."

ఆయన చెయ్యి తీసేసుకుని ప్యాంటుకి తుడుచుకున్నారు. "అంత చిన్నదానికి... ఒక్క కోటు కోసం ఇంత రాద్ధాంతమా? ఈ ఏటికి ఇలా కానివ్వండి, వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏటికి నా పిల్ల పాలు మానేస్తుంది సార్."

"ఇంకేం, అప్పటికి నీ ప్రాబ్లమే తీరిపోతుందిగా!"

ఆయన మొహంలో దుర్మార్గం లేదు. లెక్క సరిపోయిన వాడి సంతోషం ఉంది. ఆ సంతోషం నాకు బాగా తెలుసు, మా ఇంట్లో కూడా చూశాను. ఓపిక పడితే మా ఒళ్ళే మా అడ్డు తొలగిస్తుందని మీరందరూ కూర్చుని చూస్తున్నారు. పాలు ఇంకిపోతాయి, నెలసరి ఆగిపోతుంది, ముసలిదవుతుంది, అప్పుడు ఏ కోటైనా సరిపోతుంది. నా తర్వాత ఇంకో బాలింత వస్తుంది, గంటక్క దానికి పేపరు మడత పెట్టివ్వడం నేర్పుతుంది.

ఇప్పుడు మీ బల్లకి ఇవతల నిలబడే ఉన్నాను సార్. నా వెనక గంటక్క ఉంది, మిగతావాళ్ళున్నారు, గది తలుపు తీసే ఉంది, బయట మగ రైడర్లు వింటున్నారు. విననివ్వండి. నా సైకిలు తాళంచెవి మీ బల్ల మీద పెడుతున్నాను. గంటక్కా, నీదీ పెట్టు. అందరూ పెట్టండి. వచ్చే ఏడు మాట నాకొద్దు. ఈ శాంపిలు మీరే ఉంచుకోండి, ముద్దుగా ఉందన్నారుగా. మిగతా కోట్ల మీద ఇంకా సూది పడలేదు. కుట్టుషాపు వాళ్ళ నంబరు మీ దగ్గరుంది. ఫోను తియ్యండి. తీసి, మా అందరి ముందూ, మాకు వినబడేలా చెప్పండి, మిషను ఆపమని. రేపు కాదు, మీటింగు పెట్టుకుని కాదు, ఇప్పుడే. తియ్యండి సార్ ఫోను.